టవర్ లొకేషన్ తీస్తే ఫోన్ దొరికేస్తుందా?.. విజయనగరం, శ్రీకాకుళం వీధుల్లో అసలు లెక్క ఇదీ!

విజయదశమి వెళ్లిన తర్వాతి మంగళవారం.. విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. మూడు లాంతర్ల నుంచి కోట వరకూ ఇసుక వేస్తే రాలనంత జనం. చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను మూడుసార్లు తిరుగుతుంది. ఆ తోపులాటలో జేబులో ఫోన్ జారిపోయింది. లేదా ఎవరో లాగేశారు. "ఓలమ్మా.. ఫోను పోనాదే" అని లబోదిబోమనగానే పక్కనున్నవాళ్లు చెప్పే మొదటి మాట ఒకటే.. "కంగారు పడకు. టవర్ లొకేషన్ తీస్తే రెండు నిమిషాల్లో దొరికేస్తాది" అని.

సినిమాల్లో అలాగే చూపిస్తారు మరి. తెర మీద ఎర్రచుక్క టిక్కుటిక్కుమంటూ కదులుతుంది, జీపు సరిగ్గా విలన్ ఇంటి ముందు ఆగుతుంది. నిజంలో మాత్రం అంత సీన్ లేదు. టవర్ చెప్పే లొకేషన్ వేరు, శాటిలైట్ చెప్పే లొకేషన్ వేరు. ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోతే ఫోన్ ఒక్కటే కాదు, ఒక్కోసారి మనిషి ప్రాణం కూడా చేజారిపోతుంది. ఎలాగో చూద్దాం.

టవర్‌కు తెలిసేది ఇంటి నంబర్ కాదు.. పేట పేరు!

సెల్ టవర్ మీద సాధారణంగా మూడు వైపులకు మూడు సెట్ల యాంటెన్నాలు ఉంటాయి. గుండ్రటి దిబ్బరొట్టెను మూడు ముక్కలు కోసినట్టు ఒక్కో సెట్టు 120 డిగ్రీల మేర చూసుకుంటుంది. ఆ ముక్కనే సెక్టార్ అంటారు. ప్రతి సెక్టార్‌కూ ఒక నంబర్ ఉంటుంది. మీరు కాల్ చేసినా, మీకు కాల్ వచ్చినా ఏ సెక్టార్ నుంచి నడిచిందో కంపెనీ రికార్డులో పడుతుంది. పోలీసులు 'టవర్ లొకేషన్' అనేది చాలాసార్లు దీన్నే. అంటే ఫోన్ ఫలానా టవర్‌కు ఫలానా దిక్కున ఉంది అని. అంతే.

ఆ ముక్క ఎంత పెద్దది? టవర్లు దగ్గర దగ్గరగా ఉండే బజార్లో కొన్ని వందల మీటర్లు ఉండొచ్చు. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ లాంటి చోట ఆ కాస్త దూరంలోనే షాపులు, ఇళ్లు, ఆటోలు, జనం.. వేల ఫోన్లు. అదే ఊరు దాటి పొలాల్లోకి, ఏజెన్సీ కొండల్లోకి వెళ్తే ఒక్క టవరే కిలోమీటర్ల కొద్దీ చూసుకుంటుంది. అప్పుడు టవర్ లొకేషన్ అంటే నాలుగైదు ఊళ్లు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఫోన్ ఎప్పుడూ దగ్గర్లోని టవర్‌నే పట్టుకుంటుందన్న గ్యారెంటీ లేదు. మధ్యలో పెద్ద బిల్డింగ్ అడ్డొస్తే కాస్త దూరంలో ఉన్నా సిగ్నల్ బాగా అందే టవర్‌కు వెళ్తుంది. దగ్గరి టవర్ జనంతో కిక్కిరిసిపోతే పక్క టవర్‌కు మళ్లుతుంది. సిరిమానోత్సవం లాంటి రోజున జరిగేది అదే. ఒకే చోట పక్కపక్కన నిలబడ్డ ఇద్దరి ఫోన్లు వేర్వేరు కంపెనీల సిమ్‌ల వల్ల రెండు వేర్వేరు టవర్లలో కనిపించొచ్చు. ఇచ్ఛాపురం లాంటి సరిహద్దు ఊళ్లో అయితే ఫోన్ ఆంధ్రాలో ఉన్నా అవతలి ఒడిశా టవర్ అందుకునే అవకాశం ఉంది. రికార్డు మాత్రమే చూసినవాడు మనిషి రాష్ట్రం దాటేశాడనుకుంటాడు!

మరి ఫోన్ వాడకుండా జేబులో ఉంటే? అప్పుడు నెట్‌వర్క్‌కు ఆ సెక్టార్ కూడా కచ్చితంగా తెలియదు. కొన్ని టవర్లను కలిపి ఒక ఏరియాగా పెట్టుకుంటారు. ఆ ఏరియాలో ఎక్కడో ఉందని మాత్రమే తెలుస్తుంది. కాల్ వచ్చినప్పుడు ఆ ఏరియా టవర్లన్నీ 'ఫలానా ఫోన్ ఎక్కడ?' అని కేకేస్తాయి, ఫోన్ పలుకుతుంది. స్విచ్చాఫ్ చేస్తే పలకదు. అప్పుడు మిగిలేది చివరిసారి పలికిన చోటు ఒక్కటే. కనిపించకుండా పోయిన కేసుల్లో 'చివరిసారి సిగ్నల్ ఫలానా చోట' అని వార్తల్లో వినేది అందుకే.

మైక్రోసెకన్ల లెక్క

టవర్ పద్ధతిని ఇంకాస్త పదును పెట్టొచ్చు. రేడియో తరంగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. ఫోన్ నుంచి టవర్‌కు సిగ్నల్ చేరడానికి పట్టిన టైమ్ తెలిస్తే దూరం తెలిసిపోతుంది. కాల్స్ ఒకదానిమీద ఒకటి పడకుండా నెట్‌వర్క్ ఈ టైమ్‌ను ఎలాగూ కొలుస్తూనే ఉంటుంది. పాత 2జీలో ఈ కొలతలో ఒక్కో మెట్టు సుమారు 550 మీటర్లు. అలాంటి 63 మెట్లు.. అంటే 35 కిలోమీటర్ల దాకా. 2జీ టవర్ మామూలుగా అంతకు మించి పనిచేయకపోవడానికి కారణం కూడా అదే. 4జీకి వచ్చేసరికి మెట్టు సుమారు 78 మీటర్లకు తగ్గింది.

అయితే ఒక టవర్ చెప్పేది దూరం మాత్రమే. ఆ దూరంలో, ఆ సెక్టార్‌లో గీసిన వంపు గీత మీద ఫోన్ ఎక్కడైనా ఉండొచ్చు. రెండో టవర్, మూడో టవర్ కూడా దూరం చెబితే గీతలు ఒకదాన్నొకటి కోసుకుని చోటు తేలుతుంది. పట్నంలో మూడు టవర్లకు అందడం పెద్ద కష్టం కాదు. హైవే పక్కన ఒకే ఒక్క టవర్ ఉన్న చోట ఆ లెక్క కుదరదు. పైగా సిగ్నల్ తిన్నగా రాకుండా గోడకు కొట్టుకుని వస్తే దారి పెరుగుతుంది, దూరం ఎక్కువ చూపిస్తుంది.

శాటిలైట్ మనల్ని చూడదు.. ఫోనే శాటిలైట్‌ను వింటుంది!

జీపీఎస్ అంటే ఆకాశంలోంచి శాటిలైట్ మన ఫోన్‌ను చూస్తోందని చాలామంది అనుకుంటారు. అది తప్పు. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ 'నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైమ్ ఇంత' అని రేడియో స్టేషన్‌లా చెప్పుకుంటూ పోతాయి. ఎవరు వింటున్నారో వాటికి తెలియదు. ఆ మాట కిందికి రావడానికి సెకనులో సుమారు 7 శాతం.. అంటే దాదాపు 70 మిల్లీసెకన్లు పడుతుంది. ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి, ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో ఫోనే లెక్కేసుకుంటుంది.

దీనికి కనీసం నాలుగు ఉపగ్రహాలు అందాలి. చోటు తేల్చడానికి మూడు చాలు కదా, నాలుగోది ఎందుకు? ఫోన్‌లోని గడియారం చవకరకం కాబట్టి! ఉపగ్రహంలో ఉండేది అణు గడియారం. ఫోన్ గడియారం సెకనులో పది లక్షల వంతు తేడా పడినా చోటు 300 మీటర్లు తప్పుతుంది. ఆ తేడా ఎంతో పట్టుకోవడానికే నాలుగో ఉపగ్రహం. ఐన్‌స్టీన్ సిద్ధాంతం కూడా ఇక్కడ పనిలోకి వస్తుంది. పైన ఉన్న గడియారం నేల మీది దానికంటే రోజుకు సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకు పరిగెడుతుంది. దాన్ని సరిచేయకపోతే ఒక్క రోజులోనే లెక్క కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది.

ఒకప్పుడు ఈ సౌకర్యం అమెరికా సైన్యానికే పూర్తిగా దక్కేది. సామాన్యులకు అందే సిగ్నల్‌లో కావాలనే తప్పు కలిపేవారు. 2000 మే 2న ఆ కల్తీ ఆపేశారు. అప్పటి నుంచే జనం చేతిలో జీపీఎస్ నిజంగా పనికొచ్చే వస్తువైంది. మన దేశానికీ సొంతంగా నావిక్ వ్యవస్థ ఉంది. దాని తొలి ఉపగ్రహం 2013 జులై 1న మన శ్రీహరికోట నుంచే వెళ్లింది. కానీ కొన్నింటిలో అణు గడియారాలు మొరాయించాయి. 2025 జనవరి 29న, శ్రీహరికోట నుంచి వందో ప్రయోగంగా వెళ్లిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేకపోయింది. ఈలోగా ఫోన్లు జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ ఉపగ్రహాలనూ కలిపి వింటున్నాయి.

ఆరుబయట ఆకాశం బాగా కనిపించే చోట స్మార్ట్‌ఫోన్ సుమారు 5 మీటర్ల తేడాతో చోటు చెప్పగలదు. అరసవల్లి గుడి బయట మైదానంలో నిలబడితే చుక్క సరిగ్గా మీ కాళ్ల దగ్గరే. అదే ఫోన్‌ను పట్టుకుని ఇరుకు సందులోకి వెళ్లండి. రెండు పక్కలా నాలుగంతస్తుల గోడలు.. నడినెత్తిన సన్నటి గీతలా ఆకాశం. నాలుగు ఉపగ్రహాలు నేరుగా అందవు. అందినవాటిలో కొన్ని గోడలకు, అద్దాలకు కొట్టుకుని వస్తాయి. దారి పెరిగింది కాబట్టి చుక్క పక్క వీధిలోకి దూకుతుంది. ఫుడ్ డెలివరీ కుర్రాడు వెనక సందులో నిలబడి "అన్నా, లొకేషన్ ఇక్కడే చూపిస్తోంది" అని వాదించేది ఇందుకే. పాపం, అతని తప్పేం లేదు!

ఇంట్లోకి, కాంక్రీట్ శ్లాబ్ కిందికి వస్తే పరిస్థితి మరీ ఘోరం. జీపీఎస్ సిగ్నల్ నేలకు చేరేసరికే చాలా బలహీనంగా ఉంటుంది, శ్లాబ్‌ను దాటలేదు. అయినా మ్యాప్‌లో చుక్క కనిపిస్తుందే? అది వైఫై పుణ్యం. చుట్టుపక్కల వినిపించే వైఫై రౌటర్ల గుర్తింపు నంబర్లను ఫోన్ చూస్తుంది. ఆ రౌటర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గూగుల్, యాపిల్ లాంటి కంపెనీల దగ్గర పెద్ద జాబితా ఉంటుంది. దాన్నిబట్టి చోటు చెబుతుంది. హైదరాబాద్ నుంచి కాపురం మార్చి రౌటర్‌ను కూడా శ్రీకాకుళం తెచ్చుకుంటే, జాబితా సవరించేదాకా ఫోన్ మిమ్మల్ని హైదరాబాద్‌లోనే చూపించినా ఆశ్చర్యపోకండి.

టవర్, శాటిలైట్ కలిస్తే వచ్చేదే ఏ-జీపీఎస్. ఉపగ్రహాలు సమాచారాన్ని నత్తనడకన, సెకనుకు 50 బిట్ల చొప్పున పంపుతాయి. ఏ ఉపగ్రహం ఎక్కడుందో మొత్తం జాబితా వినాలంటే పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. అదే జాబితాను మొబైల్ నెట్‌వర్క్ క్షణాల్లో అందిస్తుంది, సుమారుగా ఎక్కడున్నారో టవర్ ముందే చెబుతుంది. అందుకే మ్యాప్ తెరవగానే చుక్క పడిపోతోంది. డేటా ఆపేసి కొత్త ఊళ్లో ఫోన్ తెరిస్తే చుక్క రావడానికి టైమ్ పట్టేది ఇందుకే.

చోటు తెలిసినా చెప్పే దారి లేకపోతే..

జీపీఎస్ వినడమే తప్ప మాట్లాడదన్న సంగతి ఈ రెండు జిల్లాల తీరప్రాంతానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. 2018 నవంబర్‌లో గుజరాత్ తీరం నుంచి వేటకెళ్లిన మత్స్యకారులను, తమ జలాల్లోకి వచ్చారంటూ పాకిస్తాన్ సముద్ర భద్రతా సిబ్బంది పట్టుకెళ్లారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్లు ఉన్నారు. ఏడాదికి పైగా జైల్లో గడిపాక 20 మంది ఆంధ్రా మత్స్యకారులు 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి వచ్చారు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన తండేల్ సినిమాకు మూలం ఆ ఘటనే.

నడిసముద్రంలో గీతలుండవు. తీరం నుంచి కొన్ని పదుల కిలోమీటర్లు దాటితే టవర్ ఉండదు. అక్కడ కూడా శాటిలైట్ రిసీవర్ చక్కగా పనిచేస్తుంది, ఆకాశం మొత్తం తెరిచే ఉంటుంది కదా! కానీ 'మేం ఇక్కడున్నాం' అని ఒడ్డుకు చెప్పాలంటే వేరే దారి కావాలి. అందుకే పడవలకు ఉపగ్రహం ద్వారా రెండువైపులా సందేశాలు పంపే ట్రాన్స్‌పాండర్లు పెడుతున్నారు. లక్ష పడవలకు వీటిని అమర్చే పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టు 30న ప్రారంభించింది.

నేల మీదా ఇదే చిక్కు. 2023 అక్టోబర్ 29 ఆదివారం రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి - అలమండ మధ్య పలాస ప్యాసింజర్‌ను వెనక నుంచి రాయగడ ప్యాసింజర్ ఢీకొట్టింది. పద్నాలుగు మంది చనిపోయారు. అలాంటి చోట, చీకట్లో, పట్టాల మధ్య ఉన్న ప్రయాణికుడు "ఎక్కడున్నారు?" అన్న ప్రశ్నకు ఏం చెప్పగలడు? కరెంట్ లైన్ ఉన్న చోట పట్టాల పక్కన స్తంభాల మీద కిలోమీటర్ నంబర్ రాసి ఉంటుంది. రైల్వే వాళ్లకు ఆ నంబర్ చాలు. నిత్యం రైలెక్కేవాళ్లలో కూడా ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

108 అంబులెన్స్ 2005 ఆగస్టు 15న మొదలైనప్పుడు చేతిలో స్మార్ట్‌ఫోన్లు లేవు. 'దగ్గర్లో గుడి ఉందా, బడి ఉందా' అని అడిగి చోటు పట్టుకునేవారు. ఇప్పటికీ ఆ ప్రశ్నలు పోలేదు. ఫోన్లలో అత్యవసర బటన్ 2017 జనవరి 1 నుంచి, జీపీఎస్ 2018 జనవరి 1 నుంచి ఉండాలని కేంద్రం 2016లోనే రూల్ పెట్టింది. స్మార్ట్‌ఫోన్‌లో పవర్ బటన్ మూడుసార్లు టకటకా నొక్కినా, బటన్ ఫోన్‌లో 5 లేదా 9 గట్టిగా నొక్కి పట్టుకున్నా 112కు వెళ్లాలన్నది అందులో ఉంది. మీ ఫోన్‌లో ఆ సెట్టింగ్ ఎలా ఉందో ఒకసారి చూసుకోవడం మంచిది, కంపెనీని బట్టి మారుతోంది. మహిళల కోసం రాష్ట్రంలో 2020లో దిశ యాప్ వచ్చింది, 2025 మార్చిలో శక్తి యాప్ తెచ్చారు. ఇవన్నీ చివరికి ఆధారపడేది ఫోన్ పంపే ఆ చుక్క మీదే. లొకేషన్ ఆఫ్‌లో ఉంటే చుక్క లేదు. అపార్ట్‌మెంట్‌లో ఉంటే చుక్క బిల్డింగ్ దాకానే, ఏ అంతస్తో చెప్పదు. నోటితో చెప్పాల్సిందే.

చుక్క ఎవరి చేతిలో?

ఇక అసలు వివాదం. కాల్ రికార్డులు, టవర్ వివరాలు ఎవరు పడితే వాళ్లు తీయడానికి వీల్లేదు. ఎస్పీ, ఆపై స్థాయి అధికారి అనుమతి ఉండాలి. 'స్నేహితుడు కంపెనీలో ఉన్నాడు, లొకేషన్ తీసిస్తాడు' అనే మాటలు, డబ్బు తీసుకుని భార్యో భర్తో ఎక్కడున్నారో చెబుతామనే ప్రకటనలు.. అన్నీ చట్టానికి విరుద్ధమే. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. బెయిల్ ఇచ్చిన నిందితుడు గూగుల్ మ్యాప్స్‌లో లొకేషన్ పిన్ పోలీసులకు పంచుకోవాలన్న షరతును 2024 జులై 8న కొట్టేసింది. నిందితుడి ప్రతి కదలికనూ పోలీసులు చూస్తూ ఉండటానికి బెయిల్ షరతు దారి తీయకూడదంది.

ఈ తగువు 2025 డిసెంబర్‌లో ఇంకో మలుపు తిరిగింది. టవర్ లొకేషన్ సరిపోవట్లేదు, స్మార్ట్‌ఫోన్లలో ఏ-జీపీఎస్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండేలా, వాడేవాళ్లు ఆపలేని విధంగా చేయాలని టెలికాం కంపెనీల సంఘం ప్రతిపాదించిందని, కేంద్రం దాన్ని పరిశీలిస్తోందని రాయిటర్స్ రాసింది. యాపిల్, గూగుల్, శాంసంగ్ వద్దన్నాయని కూడా ఆ కథనంలో ఉంది. కిడ్నాప్ కేసులో ఐదు మీటర్ల తేడాతో చోటు తెలిస్తే ప్రాణం నిలుస్తుంది, నిజమే. కానీ ఆ ఐదు మీటర్ల చుక్క ఆస్పత్రికి వెళ్లినవాళ్లకూ, ధర్నాకు వెళ్లినవాళ్లకూ, వార్త ఇవ్వడానికి విలేకరిని కలిసినవాళ్లకూ ఒకేలా పడుతుంది. తేడా తెలియని యంత్రం అది.

టవర్ లొకేషన్ ఒక్కటే పట్టుకుని ఎవరినీ దోషి అనడానికీ లేదు. దొంగతనం జరిగిన టైమ్‌లో మీ ఫోన్ శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్స్ సెక్టార్‌లో ఉందంటే, ఆ టైమ్‌లో బస్సు కోసం నిలబడ్డవాళ్లందరి ఫోన్లూ అక్కడే ఉన్నట్టే.

ఫోన్ పోతే ఏం చేయాలి?

ముందుగా ఇంకో ఫోన్‌లో మీ గూగుల్ అకౌంట్‌తో ఫైండ్ హబ్ తెరవండి. ఐఫోన్ అయితే ఫైండ్ మై. నెట్ ఆన్‌లో ఉంటే చోటు వస్తుంది, లేకపోతే చివరి చోటు వస్తుంది. చుక్క చూసి మీరే ఆ ఇంటి తలుపు కొట్టొద్దు. ఎందుకో పైన చదివారు కదా, చుక్క పక్కింటిది కావచ్చు!

దొరక్కపోతే స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, అదే నంబర్‌తో డూప్లికేట్ సిమ్ తీసుకోండి. ఆ తర్వాత సంచార్ సాథీ పోర్టల్‌లోని సీఈఐఆర్‌లో ఫోన్ ఐఎంఈఐ నంబర్‌ను బ్లాక్ చేయించండి. 2023 మేలో దేశమంతా అందుబాటులోకి వచ్చిన ఈ పద్ధతి టవర్, శాటిలైట్ రెండిటికంటే వేరు. దొంగ సిమ్ తీసి పారేసినా ఫోన్ ఒంటి మీది 15 అంకెల నంబర్ మారదు. ఎవరైనా కొత్త సిమ్ వేయగానే ఆ కొత్త నంబర్ వివరం పోలీసులకు చేరుతుంది. జిల్లా పోలీసులు రికవరీ మేళాలు పెట్టి ఫోన్లు తిరిగి ఇస్తున్నారంటే, ఎక్కువ భాగం ఈ దారిలో దొరికినవే. అంటే ఇక్కడ పట్టిచ్చేది చుక్క కాదు, కొత్త సిమ్. ఐఎంఈఐ మార్చడం 2023 టెలికాం చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు పడే నేరం. *#06# కొడితే మీ నంబర్ కనిపిస్తుంది. ఈ రోజే కాగితం మీద రాసి ఇంట్లో పెట్టండి, పోయిన ఫోన్‌లో దాచుకుంటే లాభం లేదు.

ఆపదలో ఉండి లొకేషన్ పంపే వీలు లేకపోతే.. మ్యాప్‌లో నీలం చుక్కను నొక్కి పట్టుకోండి. 18తో ఒకటి, 83తో ఒకటి మొదలయ్యే రెండు అంకెలు వస్తాయి. విజయనగరం, శ్రీకాకుళం పట్టణాల్లో ఎక్కడున్నా ఇవే. చుక్క తర్వాత నాలుగు అంకెల వరకూ 112కు చదివి వినిపిస్తే చాలు, సుమారు 11 మీటర్ల దగ్గరికి వస్తారు. తపాలా శాఖ 2025 మేలో తెచ్చిన డిజిపిన్ అయితే పది అక్షరాల్లో నాలుగు మీటర్ల గడి చెబుతుంది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్ఆర్ఎస్సీ కలిసి చేసిన పని అది. నెట్ లేకపోతే ఆ అంకెల్నే మామూలు మెసేజ్‌లో ఇంటికి పంపండి. డేటా అందని చోట కూడా చాలాసార్లు మెసేజ్ వెళ్తుంది. పంపేముందు కాస్త ఆరుబయటికి, ఆకాశం కనిపించే చోటికి వచ్చి నిలబడండి.